సర్దుకుపోవాల్సింది ఎవరు?

పరీక్ష హాల్లో అందరికీ ఒకే ప్రశ్నపత్రం, అవే మూడు గంటలు, అదే సైజు బెంచీ. సమానంగా చూడటం అంటే ఇంతకంటే ఏముంటుంది అనిపిస్తుంది. కానీ రాస్తుంటే వేళ్లు బిగుసుకుపోయే కుర్రాడి విషయంలో ఆ మూడు గంటలు కొలిచేది పెన్ను ఎంత వేగంగా కదిలిందన్నదే. పాఠం ఎంత వచ్చో ఎవరికీ తెలియకుండానే మార్కులు పడిపోతాయి. చూపులేని అమ్మాయి చేతిలో అచ్చు కాగితం పెడితే ఆమెకు అసలు పరీక్ష పెట్టినట్టే లెక్క కాదు.

వైకల్యం ఉన్న యువత "మమ్మల్నీ అందరితో సమానంగా చూడండి" అన్న ప్రతిసారీ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "సమానంగా చూడమంటారు, మళ్లీ ఎక్స్‌ట్రా టైమ్ కావాలంటారు, స్క్రైబ్ (చెబుతుంటే జవాబులు రాసిపెట్టే మనిషి) కావాలంటారు. ఇదేం లెక్క?" అడిగేవాళ్లలో చాలామందికి దురుద్దేశం ఉండదు, నిజంగానే తికమక ఉంది. ఆ తికమక ఎక్కడ మొదలవుతుందో పట్టుకుంటే, ఈ వయసువాళ్లు కాలేజీలో, ఉద్యోగంలో, ఇంట్లో దేని కోసం గొడవ పడుతున్నారో అర్థమవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం చెప్పుకోదగ్గ వైకల్యంతో బతుకుతున్నవాళ్లు దాదాపు 130 కోట్ల మంది, అంటే ప్రతి ఆరుగురిలో ఒకరు. ఎవరో కొద్దిమంది సంగతిలే అని పక్కన పెట్టడానికి లేదు.

ముందే అమర్చిపెట్టినవి కంటికి ఆనవు

ఒక మామూలు ఆఫీసునే తీసుకోండి. సాయంత్రం కాగానే లైట్లు వేస్తారు. ఆ కరెంటు ఖర్చు చూపున్నవాళ్ల కోసమే, అంధుడైన ఉద్యోగికి ఆ వెలుగుతో పనిలేదు. మీటింగ్ హాల్లో మైకు, స్పీకర్లు పెడతారు, అవి చెవులు వినిపించేవాళ్ల కోసం. కుర్చీలు కొంటారు, వీల్‌చైర్‌లో వచ్చే మనిషి మాత్రం తన కుర్చీ తానే తెచ్చుకుంటాడు. ఈ ఖర్చుల్ని ఎవరూ ప్రత్యేక సదుపాయాలనే పద్దు కింద రాయరు. అదే చూపులేని ఒక ఉద్యోగికి తెరమీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సాఫ్ట్‌వేర్ కొనాలంటే ఫైలు కదలాలి, అప్రూవల్ రావాలి, "ఇంకెవరికైనా పనికొస్తుందా" అని ఆరా తీస్తారు.

ఎక్కువమందికి కావాల్సినవి అడక్కుండానే అమర్చిపెట్టి, తక్కువమందికి కావాల్సినవాటికి సదుపాయం అని పేరు పెట్టుకున్నాం. వాదనంతా ఇక్కడే చిక్కుపడుతుంది. ఉన్న ఏర్పాట్లు అందరికీ సరిపోతాయని నమ్మేవాళ్లకు ఎక్స్‌ట్రా టైమ్ రాయితీలా కనిపిస్తుంది. అసలా ఏర్పాట్లు ఎవరిని మనసులో పెట్టుకుని చేశారని అడిగేవాళ్లకు పాత బాకీలో కొంత తీర్చినట్టు కనిపిస్తుంది.

వైకల్యాన్ని చాలాకాలం లోకమంతా డాక్టర్లు చూసినట్టే చూసింది. లోపం ఒంట్లో ఉంది, కాబట్టి ఒంటిని బాగుచేయాలి, బాగుపడకపోతే ఆ మనిషి ఇంటిపట్టున ఉండాలి. ఎడ్ రాబర్ట్స్ విషయంలో ఈ లెక్క ఎంతగా తప్పిందో చూడండి. పోలియో వల్ల మెడ కింద దాదాపు ఏదీ కదలని స్థితిలో ఆయన 1962లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ క్యాంపస్‌లో చేరారు. ఊపిరి కోసం వాడే ఐరన్ లంగ్ అనే భారీ యంత్రాన్ని హాస్టల్లో పెట్టే వీల్లేక క్యాంపస్ ఆసుపత్రిలోనే ఆయనకు బస ఇచ్చారు. ఈయన ఎప్పటికీ ఉద్యోగం చేయగల మనిషి కాదంటూ కాలిఫోర్నియా పునరావాస శాఖ మొదట ఆయన చదువుకు సాయం చేయనంది. 1975లో గవర్నర్ జెర్రీ బ్రౌన్ అదే శాఖకు ఆయన్ని డైరెక్టర్‌గా వేశారు. ఈ పదమూడేళ్లలో రాబర్ట్స్ ఒంట్లో మారిందేమీ లేదు. సహాయకులు, కరెంటు వీల్‌చైర్, వైకల్యం ఉన్నవాళ్లే నడిపే సేవాకేంద్రం లాంటివి చుట్టూ వచ్చి చేరాయి.

ఈ అనుభవాన్నే సిద్ధాంతంగా పెట్టింది బ్రిటన్‌లో శారీరక వైకల్యం ఉన్నవాళ్లు నడిపిన ఒక సంఘం, 1976లో. కాలు కదలకపోవడం వేరు, మెట్లు తప్ప దారిలేని భవనం వల్ల లోపలికి పోలేకపోవడం వేరు అంది. మొదటిది శరీరానికి సంబంధించింది, రెండోది సమాజం చేసిన పని. సామాజిక శాస్త్రవేత్త మైక్ ఆలివర్ 1983లో దీనికి సామాజిక నమూనా అని పేరు పెట్టారు. ఈ ఆలోచన ఉద్యమానికి వెన్నెముక అయింది, అందులో సందేహం లేదు. అయితే దీనితో అన్నీ తేలిపోతాయనుకోవడం కూడా అతే. దీర్ఘకాలిక నొప్పి, విపరీతమైన అలసట, మానసిక ఆరోగ్య సమస్యలు ఉన్నవాళ్లు చాలా ఏళ్లుగా ఒకటే చెబుతున్నారు: లోకంలోని మెట్లన్నీ తీసేసినా మా నొప్పి మాకుంటుంది, దాని గురించి కూడా మాట్లాడనివ్వండి అని. వాళ్ల మాటలో న్యాయముంది. ర్యాంప్ కావాలని పోరాడే మనిషికి మంచి వైద్యం కూడా కావాలి.

ర్యాంప్ ఒక బాధ్యత, స్క్రైబ్ మరో బాధ్యత

చట్టాల్లోకి వెళితే సమానత్వం అనే ఒక్క మాట వెనుక రెండు వేర్వేరు బాధ్యతలున్నాయి. వీటిని కలిపేయడం వల్లే సగం తగాదాలు.

మొదటిది అందుబాటు. ఎవరో వచ్చి అడిగే దాకా ఆగకుండా, భవనాలు, బస్సులు, వెబ్‌సైట్లు తయారుచేసేటప్పుడే అందరూ వాడుకునేలా తయారుచేయాలి. ఫలానా మనిషి వస్తాడా రాడా అన్న ప్రశ్నే ఉండదు. రెండోది సర్దుబాటు. ఇది ఒక మనిషికి, అతని పరిస్థితికి తగ్గట్టు, అడిగినప్పుడు చేసేది. ఐక్యరాజ్యసమితి 2006 డిసెంబర్ 13న ఆమోదించిన వైకల్యం ఉన్నవారి హక్కుల ఒడంబడిక ఈ రెండింటినీ విడివిడిగా చెప్పింది. సహేతుకమైన సర్దుబాటును నిరాకరించడమే ఒక రకం వివక్ష అని కూడా అందులో తేల్చేసింది. ఒడంబడికలో అసలైన మలుపు ఇదేనని నా అభిప్రాయం. "మేం ఎవరినీ తక్కువగా చూడలేదు, కాకపోతే ఏమీ చేయలేదు" అని తప్పించుకోవడానికి అక్కడితో వీల్లేకుండా పోయింది.

అందుబాటు అనేది వినడానికి తేలిక. కొలతల్లోకి దిగితే తెలుస్తుంది. ర్యాంప్‌కు సాధారణంగా వాడే వాలు 1:12. అంటే ఒక సెంటీమీటరు ఎత్తు ఎక్కడానికి కనీసం 12 సెంటీమీటర్ల పొడవు కావాలి. పదిహేను సెంటీమీటర్ల మెట్టు ఒక్కటుంటే ర్యాంప్ 180 సెంటీమీటర్లు పోవాలి. అలాంటి మెట్లు మూడుంటే 5 మీటర్ల 40 సెంటీమీటర్లు. పైన వీల్‌చైర్ ఆగి తలుపు తీసుకోవడానికి చదునైన చోటు కావాలి, కుర్చీ వెనక్కి తిరగడానికి దాదాపు మీటరున్నర వెడల్పు కావాలి. ప్లాన్ గీసేటప్పుడే ఇంత చోటు వదలకపోతే తర్వాత ఎక్కడి నుంచీ రాదు. అందుకే భవనం కట్టేశాక తగిలించిన ర్యాంపులు చాలాచోట్ల జారుడుబల్లల్లా ఉంటాయి. వాటిమీద ఎవరి సాయమూ లేకుండా ఎక్కడం కుదరదు, దిగడం ప్రమాదం. కానీ తనిఖీ కాగితంలో మాత్రం "ర్యాంప్ ఉంది" అని టిక్కు పడుతుంది.

ఫోన్ తెరమీద కూడా ఇదే తంతు. స్క్రీన్ రీడర్ తెరమీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపిస్తుంది, కానీ తయారుచేసినవాళ్లు పేరు పెట్టినవాటినే చదవగలదు. బొమ్మ గుర్తులతో నిండిన యాప్‌లో వాటికి పేర్లు పెట్టకపోతే వినిపించేది ఇదీ: "బటన్. బటన్. బటన్." మూడింటిలో ఒకటి డబ్బు కట్టేది, ఒకటి రద్దు చేసేది, ఒకటి వెనక్కి వెళ్లేది. ఏదేదో తెలియకుండా నొక్కాలి. ఈలోపు సెషన్ టైమ్ అయిపోతుంది, మళ్లీ మొదటికి. ఒక్కో గుర్తుకు ఒక పేరు రాయడం డెవలపర్‌కు చిన్న పని. అది రాయకపోతే మాత్రం చూపులేని ప్రతి ఒక్కరూ రోజూ ఎవరో ఒకరిని బతిమాలి పిన్ నంబరు చెప్పాల్సి వస్తుంది. భారత సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న విచారణ ముగించిన కేసు ఇలాంటిదే. బ్యాంకు ఖాతా తెరవడానికి ఆన్‌లైన్‌లో చేసే కేవైసీలో, అంటే ఖాతాదారు ఎవరో నిర్ధారించుకునే తంతులో, కళ్లు ఆర్పమని అడుగుతున్నారు. యాసిడ్ దాడిలో కళ్లు, రెప్పలు దెబ్బతిన్నవాళ్లు, చూపులేనివాళ్లు ఆ పని ఎలా చేస్తారు? డిజిటల్ సేవలు అందరికీ అందడం రాజ్యాంగంలోని 21వ అధికరణ హామీ ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని కోర్టు చెప్పింది.

అంతకుముందు 2024 నవంబర్ 8న అదే కోర్టు ఇంకో ముడి విప్పింది. భారత్‌లో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం అందుబాటు తప్పనిసరి అంటుంటే, దాని కింద రాసిన నియమం మాత్రం ప్రమాణాలను సలహాల స్థాయికి దించేసింది. ఆ నియమం చట్టానికి విరుద్ధమని కోర్టు కొట్టేసి, తప్పనిసరిగా పాటించాల్సినవి ఏవో విడిగా ప్రకటించమంది. సలహాకూ నియమానికీ తేడా ఏమిటని తేలిగ్గా తీసుకోవద్దు. సలహా అయితే ప్రతి భవనం దగ్గరా ప్రతి మనిషీ విడిగా వెళ్లి అడుక్కోవాలి. నియమం అయితే కట్టేవాడే ముందు సమాధానం చెప్పుకోవాలి.

సహేతుకం అని ఎవరు తేల్చాలి

సర్దుబాటు దగ్గరికి వస్తే గొడవంతా "సహేతుకం" అన్న విశేషణం చుట్టూ తిరుగుతుంది. సంస్థ మోయలేనంత భారం పడకూడదు, పని అసలు స్వభావం మారిపోకూడదు. ఈ రెండు హద్దులూ చాలా దేశాల చట్టాల్లో ఏదో ఒక రూపంలో ఉన్నాయి. వినడానికి న్యాయంగానే ఉంది. చిక్కు ఎక్కడంటే, భారం ఎంతో లెక్కపెట్టక ముందే భారం అనేస్తారు. నిజానికి అడిగేవి చాలావరకు చిన్నవి. మీటింగ్‌లో ఏం మాట్లాడబోతున్నారో ముందు రోజే రాసి పంపడం, మందులు వేసుకునే వేళను బట్టి షిఫ్ట్ గంట వెనక్కి జరపడం, పెదాల కదలిక కనిపించేలా ఎదురుగా కూర్చోవడం, ట్యూబ్‌లైట్ మిణుకు మిణుకుమనే మూల నుంచి బల్ల మార్చడం. అమెరికాలో ఉద్యోగ సర్దుబాట్ల మీద సలహాలిచ్చే జాబ్ అకామడేషన్ నెట్‌వర్క్ ఏళ్ల తరబడి యజమానుల్ని అడిగి చెబుతున్నదేమిటంటే, ఇలాంటి మార్పుల్లో దాదాపు సగానికి పైసా ఖర్చు ఉండదు.

ఇంటి నుంచి పని సంగతి ఇంకా విచిత్రం. నడకకు ఇబ్బంది ఉన్నవాళ్లు, దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్లు ఎన్నో ఏళ్లు అడిగారు. కుదరదు, పని దెబ్బతింటుంది, టీమ్‌తో కలిసి ఉండాలి అన్నారు. 2020లో కోవిడ్ వచ్చాక అదే ఏర్పాటు కొన్ని వారాల్లో లక్షలమందికి జరిగిపోయింది. తర్వాత ఆఫీసులు తెరిచి అందర్నీ వెనక్కి పిలిచినప్పుడు, మొదట అడిగినవాళ్లకు మళ్లీ పాత జవాబే వినిపించింది చాలాచోట్ల. అవసరం ఎక్కువమందిదైతే అదే పని సహేతుకం అయిపోతుందన్నమాట.

ఎవరు అర్హులు అన్నది రెండో తగాదా. భారత చట్టంలో రిజర్వేషన్లకు 40 శాతం వైకల్యం గీత ఉంది. ఉన్నత విద్యలో 5 శాతం సీట్లు, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం పోస్టులు ఆ గీత దాటినవాళ్లకు. మెల్లమెల్లగా అధికారులు ఆ గీతను అన్నింటికీ వాడటం మొదలుపెట్టారు. రాసేటప్పుడు చేయి బిగుసుకుపోయే సమస్య ఉన్న ఒక అభ్యర్థి యూపీఎస్సీ సివిల్స్ పరీక్షకు స్క్రైబ్ అడిగితే, 40 శాతం లేదు కాబట్టి ఇవ్వమన్నారు. 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు ఈ రెండింటినీ విడదీసింది. రిజర్వేషన్‌కు శాతం కావాలి, సర్దుబాటుకు శాతంతో పనిలేదు, వైకల్యం ఉన్న ఎవరికైనా అది హక్కు అంది. పరిమితమైన సీట్లను పంచేటప్పుడు గీత గీయక తప్పదు. స్క్రైబ్ విషయంలో అలాంటి పంపకమే లేదు, ఒకరికి ఇచ్చినంత మాత్రాన ఇంకొకరికి తగ్గేదేమీ ఉండదు.

చూపులేనివాళ్లు జడ్జి పోస్టుకు పనికిరారన్న మధ్యప్రదేశ్ నియమాన్ని 2025 మార్చి 3న కొట్టేసినప్పుడు కూడా తర్కం ఇంచుమించు ఇదే. వైకల్యం పేరు మీద గుంపుగా తోసేయకూడదు, ఫలానా మనిషి ఫలానా సర్దుబాటుతో ఆ పని చేయగలడా అని చూడాలి.

పద్దెనిమిది దాటాక తిరగబడే లెక్క

ఇదంతా ఏ వయసువాళ్లకైనా వర్తిస్తుంది కదా, యువత సంగతి విడిగా ఎందుకు? ఎందుకంటే బాధ్యత ఒకరి భుజం మీంచి ఇంకొకరి భుజం మీదకు మారేది సరిగ్గా ఈ వయసులోనే.

అమెరికా ఉదాహరణ తీసుకుంటే ఇది స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ బడిలో ఉన్నంతకాలం వైకల్యం ఉన్న పిల్లల్ని గుర్తించి, ఏం కావాలో చూసి ఇవ్వాల్సిన బాధ్యత చట్టప్రకారం బడిదే. కాలేజీ మెట్లెక్కిన రోజు నుంచి విద్యార్థే వెళ్లి చెప్పుకోవాలి, కాగితాలు చూపించాలి, అడగాలి. అడక్కపోతే ఎవరూ పట్టించుకోరు. ముందు ఏడాది వరకు తన తరఫున అమ్మానాన్నలు, టీచర్లు మాట్లాడుతుంటే విన్న పిల్లలు, ఒక్కసారిగా తమ శరీరం గురించి అపరిచితులకు వివరించి ఒప్పించాలి. అదీ ఒక్కసారితో పోదు. కొత్త సెమిస్టర్‌కు కొత్త లెక్చరర్, కొత్త ఉద్యోగానికి కొత్త మేనేజర్. పుట్టుకతో ఉన్న వైకల్యానికి కూడా ఏటా కొత్త సర్టిఫికెట్ అడిగే ఆఫీసులున్నాయి! వైకల్యం కంటే ఈ తిరుగుడే ఎక్కువ అలసట అని యువత చెబితే అది అతిశయోక్తిగా తీసుకోనక్కర్లేదు.

ఉద్యోగం దగ్గర ఇంకో టెన్షన్. చెప్పాలా, వద్దా? మూర్ఛ, బైపోలార్, డిస్లెక్సియా, ఒక చెవి వినిపించకపోవడం, పేగుల జబ్బు లాంటివి పైకి కనిపించవు. ఇంటర్వ్యూలోనే చెబితే ఫోన్ రాకపోవచ్చు, ఎందుకు రాలేదో ఎప్పటికీ రుజువు చేయలేరు. చేరాక చెబితే ముందే ఎందుకు చెప్పలేదంటారు. చెప్పకుండా నెట్టుకొస్తే సర్దుబాటు ఉండదు, పని తడబడితే సోమరితనం కింద జమవుతుంది. పైగా "చూడ్డానికి బాగానే ఉన్నావుగా" అన్న మాట. బ్రిటన్‌లో 2010 నాటి సమానత్వ చట్టం, అమెరికాలో 1990 నాటి వైకల్య చట్టం ఉద్యోగం ఇస్తామని చెప్పక ముందు అభ్యర్థిని వైకల్యం గురించి అడగడాన్ని చాలావరకు నిషేధించింది ఈ ఇరకాటం వల్లే. అడక్కూడదన్నారు సరే, అడక్కుండానే కనిపించే వైకల్యాల విషయంలో ఆ రక్షణ అంతంత మాత్రమే.

డబ్బు సాయాల్లోనూ ఒక ఉచ్చు ఉంది. అమెరికాలో తక్కువ ఆదాయం, వైకల్యం ఉన్నవాళ్లకు ఇచ్చే ఎస్‌ఎస్‌ఐ సాయానికి మనిషి దగ్గర ఉండదగ్గ ఆస్తి పరిమితి 2,000 డాలర్లు. ఈ అంకె 1989 నుంచి మారలేదు. ఇద్దరూ ఆ సాయం మీదే ఉన్న జంట పెళ్లి చేసుకుంటే ఇద్దరికీ కలిపి 3,000 డాలర్లే. చిన్న ఉద్యోగం చేసి నాలుగు డబ్బులు దాచుకుంటే సాయం పోతుంది, దాంతోపాటు చాలాచోట్ల వైద్యమూ పోతుంది. పని చేయమని ప్రోత్సహిస్తూనే, పని చేసి దాచుకుంటే శిక్షించే ఏర్పాటు ఇది.

ఇంట్లోవాళ్ల ప్రేమతో వచ్చే చిక్కు

ఆఫీసుతో, కాలేజీతో గొడవ పడటం ఒక ఎత్తు, ఇంట్లో మరో ఎత్తు. ఇక్కడ అవతలి పక్షం శత్రువు కాదు. ఇరవై ఏళ్లు కంటికి రెప్పలా కాచుకున్న అమ్మానాన్నలు. డాక్టర్ దగ్గరికి ఇరవై రెండేళ్ల కూతుర్ని తీసుకెళతారు. డాక్టర్ అమ్మవైపు తిరిగి "అమ్మాయికి రాత్రుళ్లు నిద్ర పడుతోందా?" అంటాడు. అమ్మ జవాబు చెబుతుంది. అమ్మాయి ఇద్దరి మధ్యనే కూర్చుని ఉంటుంది. ఎవరి తప్పు? ఎవరిదీ కాదనిపిస్తుంది, కానీ ఇదే అలవాటు బ్యాంకు దాకా, పెళ్లి దాకా, ఆపరేషన్‌కు సంతకం దాకా వెళుతుంది.

మేధోపరమైన వైకల్యం, ఆటిజం, మానసిక ఆరోగ్య సమస్యలు ఉన్నవాళ్ల విషయంలో ఈ అలవాటుకు చట్టం ముద్ర కూడా పడుతుంది. దాన్ని సంరక్షకత్వం అంటారు. పద్దెనిమిది నిండినా ఆ మనిషి తరఫున ఇంకొకరు నిర్ణయాలు తీసుకుంటారు. ఐక్యరాజ్యసమితి ఒడంబడికలోని 12వ అధికరణ దీన్ని నేరుగా ప్రశ్నించింది. వైకల్యం ఉన్నా చట్టం ముందు మనిషి మనిషే, నిర్ణయం తీసుకోవడానికి సాయం కావాలంటే సాయం చేయండి, నిర్ణయాన్నే లాక్కోకండి అంటుంది. సాయం అంటే కాగితంలో ఉన్నది తేలిక మాటల్లో చెప్పడం, ఆలోచించుకోవడానికి వ్యవధి ఇవ్వడం, తను నమ్మే మనిషిని పక్కన కూర్చోనివ్వడం. పెరూ 2018లో, కొలంబియా 2019లో, స్పెయిన్ 2021లో తమ చట్టాలను ఈ దిశగా మార్చుకున్నాయి. భారత్‌లో 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం పద్దెనిమిది దాటినవాళ్లకూ సంరక్షకుల్ని నియమిస్తుంటే, 2016 చట్టం ఇద్దరూ కలిసి నిర్ణయించే పరిమిత సంరక్షకత్వం అంటుంది. రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

2013లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో జరిగిన ఒక కేసులో డౌన్ సిండ్రోమ్ ఉన్న 29 ఏళ్ల యువతిని ఆమె ఇష్టానికి విరుద్ధంగా గ్రూప్ హోమ్‌లో ఉంచారు. తనకు పని ఇచ్చిన స్నేహితుల ఇంట్లో ఉంటానని ఆమె కోర్టులో పట్టుబట్టింది. న్యాయమూర్తి ఆమె కోరుకున్నవాళ్ల దగ్గరే ఉండనిచ్చి, నిర్ణయాలు ఆమె తీసుకునేలా సాయపడమన్నారు. కన్నవాళ్ల భయం అబద్ధం కాదు. మోసపోతుందేమో, తప్పుడు నిర్ణయం తీసుకుంటుందేమో అని. కానీ ఆ వయసులో తప్పుడు నిర్ణయాలు తీసుకోని వాళ్లెవరు? మిగతావాళ్లకు ఆ తప్పులు అనుభవం ఖాతాలో పడతాయి, వీళ్లకు మాత్రం అసమర్థతకు సాక్ష్యంగా మారతాయి.

చప్పట్లు కూడా అడ్డమే

జాలి చూపిస్తే తప్పని ఇప్పుడు చాలామందికి తెలుసు. పొగడ్త దగ్గర మాత్రం ఆగరు. ఆస్ట్రేలియాకు చెందిన హాస్యనటి, జర్నలిస్ట్ స్టెల్లా యంగ్ వీల్‌చైర్ వాడేవారు. 2014లో సిడ్నీలో చేసిన ప్రసంగంలో ఆమె తన టీచర్ రోజుల సంగతి ఒకటి చెప్పారు. పదకొండో తరగతికి న్యాయశాస్త్రం పాఠం మొదలుపెట్టి ఇరవై నిమిషాలైంది. ఒక కుర్రాడు చేయెత్తి, మేడమ్, మీ ప్రసంగం ఎప్పుడు మొదలుపెడతారని అడిగాడు. వీల్‌చైర్‌లో వచ్చినవాళ్లు స్ఫూర్తినివ్వడానికే వస్తారని ఆ పిల్లవాడి అనుభవం. పాఠం చెప్పడానికి వస్తారని అతనికి తోచనే లేదు. నవ్వుతూ చెప్పిన మాటే అయినా పదునుంది. పరీక్ష పాసైతే, ఉద్యోగానికి వెళితే, పొద్దున్నే లేచి బస్సెక్కితే "గ్రేట్!" అంటున్నారంటే, ఆ మనిషి నుంచి అంతకంటే ఏమీ ఆశించలేదనే కదా. ఇంకో నష్టం కూడా ఉంది. సంకల్పబలంతో అన్నీ జయించిన ఒక్కరి ఫొటో చూపించి, లిఫ్ట్ లేదని ఫిర్యాదు చేసే పదిమందిని గొణిగేవాళ్లుగా మార్చేయడం తేలిక.

గట్టిగా అడిగినవాళ్లు యువతే

ఇప్పుడున్న చట్టాల వెనుక ఇరవైల్లో, ముప్ఫైల్లో ఉన్నవాళ్ల మొండితనం చాలా ఉంది. అమెరికాలో వైకల్యం ఉన్నవాళ్ల హక్కుల కోసం పోరాడిన జూడీ హ్యూమన్‌ను ఐదేళ్ల వయసులో వీల్‌చైర్ వల్ల అగ్నిప్రమాదం పొంచి ఉంటుందంటూ బడిలో చేర్చుకోలేదు. 1970లో టీచర్ లైసెన్స్ ఇవ్వనప్పుడు కూడా న్యూయార్క్ విద్యా బోర్డు మంటలు వస్తే పిల్లల్ని ఎలా బయటికి తెస్తావనే అడిగింది. ఆమె కేసు వేసి లైసెన్స్ తెచ్చుకున్నారు. 1973లో వచ్చిన ఒక చట్టంలో ప్రభుత్వ నిధులు తీసుకునే సంస్థలు వైకల్యం ఆధారంగా వివక్ష చూపకూడదన్న 504వ సెక్షన్ ఉంది, కానీ అమలుకు నిబంధనలు రాయకుండా నాలుగేళ్లు నాన్చారు. 1977 ఏప్రిల్ 5న శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఫెడరల్ భవనంలోకి హ్యూమన్‌తో సహా వందమందికి పైగా వెళ్లి కూర్చున్నారు. మందులు, సహాయకులు, పడుకోవడానికి మంచం కూడా లేకుండా మూడు వారాలు దాటినా కదల్లేదు. నల్లజాతివాళ్ల హక్కుల కోసం పోరాడే బ్లాక్ పాంథర్ పార్టీ వాళ్లు భోజనాలు తెచ్చిపెట్టారు. ఫోన్ లైన్లు కోసేస్తే బధిరులైన నిరసనకారులు కిటికీల్లోంచి బయటివాళ్లకు సైగలతో కబుర్లు పంపారు. ఏప్రిల్ 28న నిబంధనల మీద సంతకం పడింది. చూపులేనివాళ్లు, వినిపించనివాళ్లు, నడవలేనివాళ్లు అంతవరకు ఎవరి సంఘం వాళ్లు నడుపుకునేవారు. అక్కడ ఒకే నేలమీద పడుకున్నారు.

పదకొండేళ్ల తర్వాత విద్యార్థులు ఇంకో మెట్టు ఎక్కారు. వాషింగ్టన్‌లోని గాలొడెట్ బధిరుల విశ్వవిద్యాలయం 1864లో మొదలైంది. 124 ఏళ్లలో ఒక్కసారి కూడా బధిరులు దానికి అధ్యక్షులు కాలేదు. 1988 మార్చి 6న తుది జాబితాలో ముగ్గురుంటే, బధిరులైన ఇద్దర్నీ వదిలేసి వినికిడి ఉన్న ఒక్కరినే బోర్డు ఎంచుకుంది. విద్యార్థులు గేట్లు మూసేశారు. నాలుగు డిమాండ్లు పెట్టారు. అధ్యక్ష పదవి బధిరులకే ఇవ్వాలి, బోర్డు చైర్‌పర్సన్ దిగిపోవాలి, బోర్డులో 51 శాతం బధిరులే ఉండాలి, నిరసనలో పాల్గొన్నవాళ్ల మీద ఎలాంటి ప్రతీకార చర్యా ఉండకూడదు. వారం తిరిగేసరికి, మార్చి 13న, నాలుగూ ఒప్పుకున్నారు. ఐ. కింగ్ జోర్డన్ అధ్యక్షుడయ్యారు.

ఆ నాలుగింటిలో మొదటిదాన్నే అందరూ గుర్తుపెట్టుకున్నారు. నన్నడిగితే చివరిది పెట్టినవాళ్లే లోకం తెలిసినవాళ్లు. లిఫ్ట్ పనిచేయడం లేదని మూడోసారి మెయిల్ పెట్టిన ట్రైనీ, స్క్రైబ్ ఇవ్వలేదని ఫిర్యాదు చేసిన విద్యార్థి భయపడేది ఆ తర్వాత ఏం జరుగుతుందోనని. ఇంటర్నల్ మార్కులు, ప్రొబేషన్, రిఫరెన్స్ లెటర్ అన్నీ అవతలివాళ్ల చేతిలోనే ఉంటాయి. ఇందుకే ఫిర్యాదు చేసినందుకు కక్ష సాధించడం కూడా విడిగా నేరమో, వివక్షో అని అమెరికా, బ్రిటన్ చట్టాలు రాసుకున్నాయి. రాతలో ఉన్నదాన్ని వాడుకోవాలంటే రాతలోనే అడగాలి. ఏ పనికి ఏం అడ్డం వస్తోంది, ఏం మారిస్తే సరిపోతుంది, ఎప్పటిలోగా జవాబు కావాలి అనే మూడు సంగతులు మెయిల్‌లో ఉంటే చాలు. జబ్బు చరిత్రంతా చెప్పుకోనక్కర్లేదు. వీలైతే అదే అడ్డం ఉన్న ఇంకో ఇద్దరితో కలిసి సంతకం పెట్టడం మంచిది, ముగ్గురు అడిగినదాన్ని ఒకరి సొంత గోల అని కొట్టిపారేయడం కష్టం.